వణకకుండా వెచ్చబడే విద్య

అందరికీ నమస్కారం. ఎట్రస్కన్ చుంచెలుక అని ఒక జీవి ఉంది. బరువు సుమారు 2 గ్రాములు. గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటుంది. అంత చిన్న ఒంటికి చలి పెద్ద గండం. ఒళ్లు ఎంత చిన్నదైతే బరువుకు తగ్గ చర్మం అంత ఎక్కువ, వేడి పోయే దారీ అంత ఎక్కువ. పోనీ ఒత్తుగా బొచ్చు పెంచుకుందామా అంటే అది కాళ్లకే అడ్డం.

వణికితే వేడి పుడుతుంది, నిజమే. కానీ వణుకుతూ తిండి వెతుక్కోవడం, పిల్లి నుంచి పారిపోవడం కష్టం. అందుకే చాలా చిన్న క్షీరదాలకు ఇంకో ఏర్పాటు ఉంది: గోధుమరంగు కొవ్వు. ముఖ్యంగా భుజాల ఎముకల మధ్య, మెడ దగ్గర ఉంటుంది. 1551లోనే కాన్రాడ్ గెస్నర్ అనే స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త మార్మాట్ అనే జంతువులో దీన్ని గమనించాడు. దీని పనేమిటో తేలడానికి మాత్రం నాలుగు శతాబ్దాలు పట్టింది!

ఈ కొవ్వు కణాల నిండా మైటోకాండ్రియాలే, అంటే కణానికి శక్తిని తయారుచేసే భాగాలు. వాటిలోని ఇనుము వల్లే ఆ రంగు. మామూలు కణంలో ఆహారం మండినప్పుడు ప్రోటాన్లు అనే ధనావేశమున్న సూక్ష్మ రేణువులు మైటోకాండ్రియాలోని ఒక పొరకు అవతల పోగవుతాయి. అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఆ తోపుతో ఏటీపీ, అంటే కణం తన పనులకు వాడుకునే ఇంధనం, తయారవుతుంది. గోధుమరంగు కొవ్వులో యూసీపీ1 అనే ప్రోటీన్ వాటికి దొడ్డిదారి తెరుస్తుంది. ఏటీపీ తయారవదు, ఆ శక్తంతా వేడిగా బయటపడుతుంది. చలి తగలగానే నరాల నుంచి నార్అడ్రినలిన్ అనే రసాయనం విడుదలై కొవ్వును కరిగిస్తుంది. అలా వచ్చిన కొవ్వు ఆమ్లాలే ఇంధనం, యూసీపీ1 దొడ్డిదారి తలుపు తీసేవీ అవే. పక్కనే పారే రక్తం ఆ వేడిని గుండెకీ మెదడుకీ మోసుకుపోతుంది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. యూసీపీ1 లేని ఎలుకలను వెచ్చటి చోటు నుంచి తీసి ఒక్కసారిగా 4 డిగ్రీల చలిలో పెడితే తట్టుకోలేవు. మెల్లమెల్లగా అలవాటు చేస్తే బతుకుతాయి, అదీ రోజుల తరబడి వణుకుతూనే. పంది పిల్లలకు పుట్టుకతోనే ఈ ప్రోటీన్ ఉండదు. అందుకే పుట్టగానే వణుకుతాయి, ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి.

మన పసిపిల్లల్లో ఈ కొవ్వు ఉందని ఎప్పటినుంచో తెలుసు. పెద్దవాళ్లలోనూ పనిచేస్తోందని 2009లో స్కానింగుల ద్వారా రూఢి అయ్యాక, దీంతో బరువు తగ్గించేయొచ్చని హడావుడి మొదలైంది. నాకు అంత తొందర లేదు. ల్యాబ్‌లో మనకు హాయిగా ఉండే 22 డిగ్రీలు ఎలుకకు చలే, దానికి సుఖంగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. అంటే అది రోజంతా ఈ కొవ్వును మండిస్తూనే ఉంటుంది, హాయిగా ఉన్న మన సంగతి అలా కాదు. ఎలుకలను సన్నబరిచిన మందు అంటూ వార్త కనబడితే, వాటిని ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచారో ముందు అడగండి.