గులాబీ నడకకి వెళ్తున్నారా? ముందు చెయ్యి కొలుచుకోండి

వ్యాఖ్యాత: నమస్కారం. అక్టోబరు, రొమ్ము కేన్సర్ అవగాహన నెల. హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గర ఉషాలక్ష్మి ఫౌండేషన్ వాళ్ళ పింక్ రిబ్బన్ వాక్ చాలామందికి తెలిసిందే. ఇలాంటి నడకలకి వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం కేన్సర్ సర్జన్, ఫిజియోథెరపిస్టు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. నాకు ఎడమ రొమ్ము తీశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమో, రేడియేషన్ కరెంటు అన్నీ అయిపోయి అయిదు నెలలైంది. మా అమ్మాయి అయిదు కిలోమీటర్ల వాక్‌కి నా పేరు ఇచ్చేసింది. చెయ్యి వాస్తుందని మా ఆడపడుచు భయపెడుతోంది.

ఫిజియోథెరపిస్టు: నడక మంచిదేనమ్మా. చెయ్యి కదపకుండా గంటసేపు కిందికి వేలాడేస్తేనే నీరు దిగి బరువెక్కుతుంది. ఇవాళే కుట్టు టేపు తీసుకోండి. మోచేతి మడతకి 10 సెంటీమీటర్లు పైన ఒకచోట, 10 కింద ఒకచోట, రెండు చేతులకీ చుట్టుకొలత రాసిపెట్టుకోండి. ఏ చేతివాటమైతే ఆ చెయ్యి కాస్త లావుండటం మామూలే. తేడా 2 సెంటీమీటర్లకి వచ్చిందంటే వాక్ సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకోండి. వాపు రాకుండా చేతికి వేసుకునే బిగుతు తొడుగు, స్లీవ్ అంటారు, అది ఇచ్చారా?

శ్రోత: ఇచ్చారు. పైన చుట్టుకుపోతోంది మేడమ్.

ఫిజియోథెరపిస్టు: అదే తంటా. చుట్టుకుపోయిన అంచు తాడు బిగించినట్టు పట్టేసి, కింద నీరు నిలబెడుతుంది. కొలత సరిచూయించుకోండి. నడిచేటప్పుడు పది నిమిషాలకోసారి ఆ చెయ్యి గుండెకి పైన ఎత్తి, పిడికిలి ఇరవైసార్లు మూసి తెరవండి. అక్కడ ఇచ్చే రబ్బరు బ్యాండు కుడిచేతికే. బ్యాగు బరువు ఎడమ భుజం మీద వద్దు.

శ్రోత: అరికాళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉంటున్నాయి...

సర్జన్: పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో అలా ఉంటుందమ్మా, నెలల తరబడి కూడా. బొబ్బ లేచినా మీకు తెలియదు. కొత్త బూట్లతో ఆరోజు రావద్దు, కనీసం రెండు వారాలు వాడినవి వేసుకోండి. ఇంటికెళ్ళాక అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. ఇవాళ్టి నుంచి రోజుకి పదిహేను నిమిషాలు నడుస్తూ, వారానికి అయిదు నిమిషాలు పెంచండి. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగం చాలు. ఆరోజు ఒంట్లో ఓపిక లేకపోతే రెండు కిలోమీటర్ల దగ్గర ఆగిపోండి, ఎవరూ మార్కులు వెయ్యరు.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒకాయన.

శ్రోత: మా అమ్మకి కీమో నడుస్తోంది సార్. వాక్‌కి తీసుకెళ్ళొచ్చా?

సర్జన్: డోసు ఎప్పుడు పడిందో చూడండి. సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో గుంపులోకి వద్దు. మిగతా రోజుల్లో అయితే మీ డాక్టరుని అడిగి, మాస్కు పెట్టి, చివరి వరసలో నడిపించండి. జ్వరం 100.4 దాటితే మాత్రం పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

వ్యాఖ్యాత: మాదాపూర్ నుంచి, ఆఫీసు తరఫున నలభై మందిని తెస్తున్నారట.

శ్రోత: అవును మేడమ్. విరాళం కూడా ఇద్దామనుకుంటున్నాం.

సర్జన్: సంతోషం. పన్ను మినహాయింపు కావాలంటే ఒక్కొక్కరి నగదు 2,000 దాటకూడదు, దాటితే బ్యాంకు ద్వారానే. బెలూన్ల ఖర్చు తగ్గించండి, వాటివల్ల ఎవరికీ పరీక్ష జరగదు. మీ ఆఫీసు ఊడ్చే అమ్మలున్నారు చూడండి, 30 ఏళ్ళు దాటినవాళ్ళకి జీతం కోయకుండా సగం రోజు సెలవిచ్చి సర్కారు ఆసుపత్రిలో రొమ్ము పరీక్షకి పంపండి. మగవాళ్ళనీ నడిపించండి. రొమ్ము కేన్సర్ వచ్చిన వందమందిలో దాదాపు ఒకరు మగవారే.

వ్యాఖ్యాత: చివరి కాల్, గాజువాక.

శ్రోత: ఆర్కే బీచ్‌లో ఆదివారం వాక్‌కి వెళ్తున్నానండీ. నాకు 34. స్నానం చేస్తుంటే కుడివైపు చిన్న గోళీలా తగిలింది. నెలన్నరైంది, నొప్పి లేదు. వాక్‌లో డాక్టర్లుంటారు కదా, అప్పుడు చూపిద్దామని...

సర్జన్: నొప్పి లేదని ధైర్యపడకండమ్మా, కేన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. మీ వయసులో చాలావరకు గడ్డలు కేన్సర్ కానివే. కానీ ఏదో చేత్తో చూసి తేల్చలేం, రోడ్డు మీద అసలే తేల్చలేం. చేతి పరీక్ష, స్కానింగు, అవసరమైతే సూది పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. మీ వయసుకి ముందు అల్ట్రాసౌండ్.

శ్రోత: సూది గుచ్చితే పాకిపోతుందంటారు...

సర్జన్: పాకదమ్మా. అక్కడికి మాత్రమే మత్తిచ్చి చిన్న ముక్క తీస్తారు. ఆ భయంతో వాయిదా వేసే నెలల్లోనే గడ్డ పెరుగుతుంది. మీకు అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి దగ్గరే. ఆధార్, పాత రిపోర్టులుంటే అవీ పట్టుకుని రేపు పొద్దున్నే వెళ్ళండి. నడక ఆదివారమే కదా.

శ్రోత: రేపే వెళ్తానండీ.