తిరగ్గొట్టే ముందు: వికీల్లో బాట్ల కాపలాపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు. అంటే ఎవరైనా చెరపనూవచ్చు. ఆ చెరిపే చేతుల్ని పట్టుకునే పని ఇప్పుడు చాలాచోట్ల బాట్లు, అంటే తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు, చేస్తున్నాయి. ఈ రోజు మనతో ముగ్గురున్నారు. తెలుగు వికీలో నిర్వహణ పనులు చూసే ఒక వాడుకరి, ఇలాంటి ప్రోగ్రాములు తయారుచేసే ఇంజనీరు, జనగామ జిల్లా నుంచి వచ్చిన ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని. నిర్వాహకులు గారూ, అసలు బాట్ ఎందుకు?

నిర్వాహకుడు: పొద్దున్నే నేను తెరిచే మొదటి పేజీ ‘ఇటీవలి మార్పులు’. ఎవరో ఒక నాయకుడి వ్యాసం మొత్తం ఖాళీ చేసి తిట్టు రాసి పోతారు. దాన్ని మేము దుశ్చర్య అంటాం. అది కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, క్షణంలో తిరగ్గొట్టవచ్చు, అంటే ఆ మార్పును తీసేసి పాత రూపం తేవచ్చు. నాకు భయం వేరే వాళ్లతో. పుట్టిన సంవత్సరం 1946 అని ఉంటే చప్పుడు లేకుండా 1949 చేసి పోయేవాళ్లుంటారు. అది తేల్చాలంటే పుస్తకం తీయాలి. నాకు చిక్కే గంటన్నరా తిట్లు తుడవడానికే సరిపోతే పుస్తకం ఎప్పుడు తీస్తాను? లక్షకు పైగా వ్యాసాలు, వాటిని రోజూ కనిపెట్టుకుని ఉండేవాళ్లం కొద్దిమందిమి.

వ్యాఖ్యాత: ఇంజనీరు గారూ, తిట్టుకూ సమాచారానికీ తేడా యంత్రానికి ఎలా తెలుస్తుంది?

ఇంజనీరు: మొదట్లో మాటల జాబితా ఇచ్చేవాళ్లు. ఆ మాట కనబడితే తీసెయ్యి, అంతే. తెలుగులో అది ఎంత దూరం పోతుందో చూడండి. ‘చెత్త’ను జాబితాలో పెడితే పురపాలక సంఘం వ్యాసంలో చెత్త సేకరణ గురించి రాసినవారు దొరికిపోతారు. ‘కుక్క’ను పెడితే కుక్కగొడుగు మీద వ్యాసం పోతుంది. పైగా మన మాటలు విభక్తులతో, సంధులతో అతుక్కుపోతాయి కాబట్టి అసలు తిట్టు జాబితాకు అందకుండా జారిపోతుంది.

ఇంగ్లీషు వికీపీడియాలో 2010 నుంచి పనిచేస్తున్న క్లూబాట్ ఎన్‌జీ అనే బాట్ దారి వేరు. ఇది దుశ్చర్య, ఇది మంచి మార్పు అని మనుషులు గుర్తు పెట్టిన వేల దిద్దుబాట్లు చూసి అది నేర్చుకుంటుంది. కొత్త మార్పు రాగానే దానికొక మార్కు వేస్తుంది. మార్కు గీత దాటితే తిరగ్గొడుతుంది. ఆ గీత గీసిన పద్ధతే నాకు నచ్చింది. ఎంత దుశ్చర్య పట్టాలన్నది వాళ్లు ముందు నిర్ణయించలేదు. మంచి మార్పుల్లో పొరపాటున ఎన్ని పోయినా భరించగలమన్నది ముందు నిర్ణయించారు. వెయ్యి మంచి మార్పుల్లో ఒకటి, అంటే 0.1 శాతం. ఆ గీత దగ్గర అది పట్టేది దుశ్చర్యల్లో 40 శాతం చిల్లర. మిగిలింది మనుషులు చూసుకోవాలి.

ఉపాధ్యాయిని: ఆ వెయ్యిలో ఒకటి ఎవరిదండీ?

ఇంజనీరు: అర్థం కాలేదు మేడం.

ఉపాధ్యాయిని: మాది పాలకుర్తి మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు మేము వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి వచ్చాం. మరుసటి ఏడాది ఒక వికీలో మా ఊరి పేజీ చూస్తే వరంగల్ అనే ఉంది. ఏ వికీ అన్నది ఇప్పుడు అనవసరం. ఫోనులోనే దిద్దాను. ‘వరంగల్’ తీసి ‘జనగామ’ పెట్టి, మండలాల వరుస కూడా సరిచేశాను. నా జీవితంలో మొదటి దిద్దుబాటు. టీ పెట్టుకుని వచ్చేసరికి పోయింది. నా పేరు కింద ఒక సందేశం: మీ మార్పు నిర్మాణాత్మకంగా లేదు, ప్రయోగాలు చేయాలనుకుంటే ప్రయోగశాలలో, అంటే సాధన కోసం పెట్టిన పేజీలో, చేసుకోండి అని. మా ఊరు ఏ జిల్లాలో ఉందో చెప్పడం ప్రయోగమా?

ఇంజనీరు: యంత్రం వైపు నుంచి చూస్తే, కొత్త ఖాతా, ఆధారంగా చూపే మూలం లేదు, పాత పేరు చెరిపి కొత్త పేరు. ఇవన్నీ అనుమానం పెంచేవే. మేడం అడిగింది సరైన ప్రశ్న, నేనే ఆలస్యంగా అందుకున్నాను. ఆ ఒక్క పొరపాటు అందరి మీదా సమానంగా పడదు. వేల మార్పులు చేసిన వాడుకరి జోలికి బాట్ దాదాపుగా పోదు. పడేది మొదటిసారి రాసినవారి మీదే.

నిర్వాహకుడు: దీనికి లెక్క కూడా ఉంది. ఇంగ్లీషు వికీపీడియాలో 2007 తరువాత చురుకైన వాడుకరుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఎందుకని వెతికిన పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో చెప్పింది ఇదే: మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల మార్పులను తిరగ్గొట్టడం పెరిగింది, అందులో యంత్ర పరికరాల పాత్ర ఉంది, అలా దెబ్బతిన్నవాళ్లు మళ్లీ రాలేదు. ఇంగ్లీషుకు వెనకాల వేలమంది ఉన్నారు, తట్టుకుంది. మనకు ఒక్క మనిషి పోతే ఒక మండలంలోని ఊళ్ల వ్యాసాలన్నీ పోయినట్టే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఎన్ని వేల ఊళ్ల పేజీలు మారాలో ఆలోచించండి. అవి సరిగ్గా దిద్దగలిగింది ఆ ఊరివాళ్లే.

వ్యాఖ్యాత: అయితే బాట్ వద్దంటారా?

నిర్వాహకుడు: వద్దనను. 2024లో టర్కిష్ వికీపీడియాలో మొదలైన ఆటోమోడరేటర్ అనే ఇలాంటి పరికరంలో గీత ఎక్కడ ఉండాలో అక్కడి వాడుకరులే నిర్ణయించుకోవచ్చు. మనమూ రచ్చబండలో, అంటే వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో, చర్చించి, గీతను వీలైనంత పైన పెట్టుకోవాలి. పేజీ ఖాళీ చేయడం, తిట్లు నింపడం, ఇవి మాత్రమే బాట్ తిరగ్గొట్టాలి. అంకెలు, పేర్లు మారితే గుర్తు పెట్టి ఊరుకోవాలి, మేం చూస్తాం.

ఇంజనీరు: క్లూబాట్‌కు ఇంకో మంచి నియమం ఉంది. ఒక పేజీలో ఒకే వాడుకరి మార్పును, కొన్ని పేజీల్లో తప్ప, రోజులో ఒక్కసారికి మించి తిరగ్గొట్టదు. మనిషి మళ్లీ పెడితే తప్పుకుంటుంది. అది తప్పనిసరిగా తెచ్చుకోవాలి.

ఉపాధ్యాయిని: మళ్లీ పెట్టవచ్చని నాకెవరు చెప్పారండీ? నేను నేరం చేశానేమో అనుకుని ఖాతా వదిలేశాను.

నిర్వాహకుడు: అది మా తప్పే టీచరు గారూ. జిల్లాల ఏర్పాటు జీవో మీ దగ్గర ఉందా?

ఉపాధ్యాయిని: బడిలో నకలు ఉంది. మా మండలం పేరు కింద గీత గీసి పెట్టుకున్నాను కూడా.

నిర్వాహకుడు: ఆ జీవో సంఖ్య, తేదీ మూలంగా ఇవ్వండి చాలు. ఇంక ఎవరూ తీయరు. తీస్తే చర్చ పేజీలో నేను మాట్లాడతాను.

ఉపాధ్యాయిని: ఇంటికి వెళ్లగానే రాస్తాను. ‘మూలం ఇవ్వండి’ అన్న ఆ రెండు మాటలు ఆ రోజు బాట్ పెట్టిన సందేశంలో ఉంటే ఇన్నేళ్లు ఆగేదాన్ని కాదు.