తప్పిపోయిన గాడిదల సంగతి గురువుగారిని అడగొచ్చా?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, కమిటీ పెద్దలకి, సన్మానం అందుకున్నవారికి, వాళ్లకి శాలువాలు కప్పినవారికి, ఫొటోలు తీసినవారికి నమస్కారం. శాలువాల కార్యక్రమం కాస్త సాగింది కాబట్టి నా సమయం సగానికి తెగిందని సెక్రటరీగారు ఇప్పుడే చెవిలో చెప్పారు. సరే కానివ్వండి.

నాకిచ్చిన అంశం "చరిత్రలో ఉత్తరాలు". గాంధీగారివో నెహ్రూగారివో ఎత్తుకుంటానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి మీకు ఏటా ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. నేను ష్నేయర్ జల్మన్ అనే యూదు గురువు ఉత్తరాల గురించి చెప్తాను. ఈనాటి బెలారుస్‌లో లియోజ్నా, లియాది అనే చిన్న ఊళ్లలో ఉండేవారు. యూదుల్లో హసీదులనే భక్తిమార్గం వాళ్లున్నారు, వాళ్ల గురువుని రెబ్బే అంటారు. ఈయన హసీదుల్లోనే చబాద్ అనే శాఖకి మొదటి రెబ్బే.

1796లో ఆయన 'తాన్యా' అనే గ్రంథం అచ్చువేశారు. దాని ముందుమాటలోనే చెప్పుకున్నారు: వచ్చిన ప్రతివాడికీ విడివిడిగా జవాబు చెప్పే తీరిక లేదు, అందుకే ఈ పుస్తకం రాశాను అని. పుస్తకం వచ్చినా జనం తగ్గలేదు. లియోజ్నాకి ఎవరు ఎప్పుడు రావాలో నియమాలు పెట్టి ఊరూరికీ ఉత్తరాలు పంపాల్సి వచ్చింది. దర్శనానికి టైమ్‌టేబుల్ అన్నమాట!

ఆయన పోయాక 1814లో కొడుకులు ఆ ఉత్తరాల్లో కొన్నిటిని తాన్యాకే చివర చేర్చి వేశారు. అలా చేర్చినవి ముప్ఫై రెండు. అన్నీ చెప్పాలనే వచ్చాను. 1798లో ఆయన్ని రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో జైల్లో పెట్టిన సంగతి ఉంది. పాలస్తీనాలోని బీదలకి చందాలు పంపితే, ఆ నేల తుర్కీ సుల్తాన్‌ది కాబట్టి శత్రువుకి డబ్బు పంపాడని నేరం మోపారు. విడుదలై వచ్చి శిష్యులకి రాసిన ఉత్తరంలో, మనం గెలిచామని ఎగరొద్దు, పట్టించినవాళ్లని వెక్కిరించొద్దు, మెత్తగా మాట్లాడండి అన్నారు. దాని మీదే ఒక ప్రసంగం చేయొచ్చు. కానీ నన్ను వదలని ఉత్తరం ఇరవై రెండోది.

ఆ కాలం యూదుల్లో చాలామంది భూస్వాముల దగ్గర సత్రాలు, సారా దుకాణాలు కౌలుకి తీసుకుని బతికేవాళ్లు. కౌలు పోయిందంటే కుటుంబం రోడ్డున పడ్డట్టే. ఆ టెన్షన్‌తో గురువు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఏ వ్యాపారం చేయమంటారు స్వామీ, ఈ సంగతిలో ఏం చేయమంటారు స్వామీ అని. ఆయన విసిగిపోయి కలం పట్టారు. లోకవ్యవహారాల్లో గురువు సలహా అడిగే ఈ ఆచారం ఏ శాస్త్రంలో ఉంది? రహస్యమన్నది లేని పూర్వపు మహాజ్ఞానుల్నే ఎవరూ ఇలా అడగలేదే? అడిగింది ప్రవక్తల్నే. సమూయేలుని సౌలు అడిగాడు, తండ్రి గాడిదలు తప్పిపోతే.

ఇక్కడ బైబిలు చదివేవాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకి తెలుసు. మిగతావాళ్ల కోసం చెప్తాను. కీషు అనే ఆసామి గాడిదలు తప్పిపోయాయి. కొడుకు సౌలు ఒక నౌకర్ని వెంటబెట్టుకుని ఊళ్లన్నీ వెతికాడు. దొరకలేదు. ఇక్కడొక దీర్ఘదర్శి ఉన్నాడు, అడుగుదామన్నాడు నౌకరు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం అన్నాడు సౌలు. నౌకరు జేబులో పావు తులం వెండి ఉంది! దక్షిణ అప్పుడూ ఉందండీ. సమూయేలు చూడగానే గాడిదలు దొరికాయి, బెంగపడకు అన్నాడు. మర్నాడు సౌలుని రాజుగా అభిషేకించాడు.

మన రెబ్బే అనేది ఒక్కటే: నేను సమూయేలుని కాను. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోని ఒక మాట కూడా గుర్తుచేశారు. మనిషికి తెలియని సంగతులు ఏడున్నాయట. తనకి దేనిలో లాభం వస్తుందన్నది ఒకటి, యూదుల పూర్వపు రాజు దావీదు రాజ్యం మళ్లీ ఎప్పుడొస్తుందన్నది ఒకటి. రెండిటినీ ఒకే వరసలో పెట్టారు చూడండి, మీరు అడిగేది అలాంటి ప్రశ్న అన్నారు.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పనివ్వండి. మా తమ్ముడు ఒక గురువుగారి మాట మీద ఉన్న స్థలం అమ్మి వ్యాపారం పెట్టాడు. స్థలమూ పోయింది, వ్యాపారమూ పోయింది. వెళ్లి అడిగితే ఆయన "నీ ప్రారబ్ధం నాయనా" అన్నారు. పేర్లు వద్దు. కానీ "నాకు తెలియదు, నన్నడక్కు" అని రాతపూర్వకంగా ఒప్పుకున్న గురువుని మీరెవరైనా చూశారా? వెనక వరసలో ఉన్నవారు కూడా చెప్పండి. చూశారా? రెండు వందల ఏళ్ల కిందటి ఉత్తరం నాకు ఎందుకు నచ్చిందో అర్థమయింది కదా.

అయితే ఉత్తరమంతా ఒప్పుకోను. అడగొద్దన్నాక, కష్టాన్ని ప్రేమతో స్వీకరించమంటారు. మహారాజు ప్రేమ పట్టలేక తన ఒక్కగానొక్క కొడుకు ఒంటి మలినాన్ని తన చేతులతోనే కడిగినట్టు, దేవుడు మిమ్మల్ని కడుగుతున్నాడంటారు. పోలిక బాగుంది. కౌలు పోయినవాడి పిల్లలకి అన్నం ఎలా అన్నదానికి మాత్రం ఆ పేరాలో జవాబు లేదు. న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. బీదలకి దానం చేయమని ఊళ్ల వెంట పడి రాసిన ఉత్తరాలు ఇదే సంపుటిలో బోలెడు.

ఇంతా చేసి గెలిచిందెవరంటారా? గాడిదలే. ఆయన పరంపరలో ఏడో రెబ్బే 1994లో న్యూయార్క్‌లో పోయారు. పెళ్లి, జబ్బు, వ్యాపారం, అన్నిటికీ సలహాలు చెప్తూ రాసిన ఉత్తరాలు ముప్ఫై సంపుటాలు దాటాయి. మూలపురుషుడు వద్దన్న పనినే వారసుడు జీవితాంతం చేశాడు. జనం అడగడం మానరు కాబట్టి చేశాడనుకుంటాను. ఆ సంపుటాలూ చరిత్రకారుడికి బంగారమే.

బెల్లు కొట్టారు. 1812లో నెపోలియన్ గెలిస్తే యూదులకి డబ్బు వస్తుంది కానీ మనసు దేవుడికి దూరమవుతుందని, జార్ గెలవాలని కోరుతూ రాసిన ఉత్తరం మిగిలిపోయింది. అది వచ్చే ఏడు పిలిస్తే చెప్తాను. ఇరవై రెండో ఉత్తరం ఇంగ్లీషు ప్రతి జిరాక్స్ తీసి రిఫరెన్స్ బల్ల మీద పెట్టాను. చదవండి. ఇంటికి మాత్రం పట్టుకెళ్లొద్దు, పోయినసారి పెట్టినవి ఒక్కటీ తిరిగి రాలేదు.