బాన పొట్ట మీది ట్రాయ్

సభాధ్యక్షులకు, పెద్దలకు, చరిత్ర విద్యార్థులకు నమస్కారం. ప్రాచీన గ్రీకు కుండల నుంచి అమెరికన్ చిత్రకారుడు సై ట్వాంబ్లీ 1978లో పూర్తిచేసిన పది కాన్వాసుల దాకా, ట్రాయ్ యుద్ధాన్ని కళాకారులు ఎలా చిత్రించారో వరసగా చెప్పమని నిర్వాహకులు కోరారు. ఆ వరసలో మొదటి మెట్టు దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను, మన్నించండి.

ఆ మెట్టు, గ్రీసులోని మికొనోస్ ద్వీపంలో 1961లో బయటపడిన పెద్ద మట్టి బాన. క్రీ.పూ. 670 ప్రాంతానికి చెందిన ఆ బాన మెడ మీద ట్రాయ్ గుర్రం, అంటే గ్రీకు సైనికులు లోపల దాక్కుని ట్రాయ్ నగరంలోకి చొరబడిన చెక్క గుర్రం, ఉంది: కాళ్లకు చక్రాలు, ఒంటి మీద చదరపు కిటికీలు, వాటిలో సైనికుల తలలు. ఆ గుర్రానికి దొరికిన అతి పాత బొమ్మల్లో ఇది ఒకటి కాబట్టి నేను చూసిన పుస్తకాలు చాలావరకు మెడ వరకే ఫొటో వేసి ఊరుకున్నాయి. నా బాధంతా అదే. బాన పొట్ట చుట్టూ మూడు వరుసల్లో ఉన్న పలకలను ఎందుకు కత్తిరించాలి? అక్కడ సైనికులు తల్లుల కళ్ల ముందే పసిపిల్లలను చంపుతున్నారు, ఆ తల్లులు చేతులు చాచి వేడుకుంటున్నారు. యుక్తికి మెడంత చోటు, దాని ఫలితానికి పొట్టంత చోటు ఇచ్చిన ఆ కుమ్మరి గ్రీకువాడు, చంపుతున్నవారూ గ్రీకులే.

ఇది ఒక్కరి వైఖరి కాదు. క్లియోఫ్రడీస్ చిత్రకారుడని పండితులు పిలిచే ఎథెన్స్ కళాకారుడు క్రీ.పూ. 480 ప్రాంతంలో, అంటే పారశీకులు ఎథెన్స్‌ను తగలబెట్టిన రోజులకు దగ్గరగా, ఒక నీళ్ల కుండ మీద ట్రాయ్ పతనాన్ని చిత్రించాడు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ఆ కుండ మీద ట్రాయ్ ముసలి రాజు ప్రియామ్ బలిపీఠం మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు; మనవడి శవం అతని ఒడిలో ఉంది. పక్కనే ఒక స్త్రీ రోకలి ఎత్తి గ్రీకు సైనికుడి మీద విరుచుకుపడుతోంది. అమ్మలారా, ఆ రోకలిని గమనించండి! ఆయుధం లేని ఇంటి నుంచి వచ్చిన ఆయుధం అది.

గుర్రాన్ని నమ్మవద్దని హెచ్చరించిన ట్రాయ్ పూజారి లావోకోవన్‌ది, 1506లో రోములో దొరికిన శిల్పం గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కాబట్టి దానిని దాటిపోతున్నాను. గాంధార శిల్పి చెక్కగా నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రాతి పలకను మాత్రం దాటలేను, ఎందుకంటే అక్కడ కూడా గుర్రం ఎదుట, కోట ద్వారంలో చేతులెత్తి నిలిచినది ఒక స్త్రీయే. ఆమెను ప్రియామ్ కూతురు, గుర్రం గురించి ముందే హెచ్చరించిన కసాండ్రాగా గుర్తించారు.

ఇక్కడున్న అధ్యాపకులకు ఒక్క విన్నపం: పిల్లలకు ఈసారి మికొనోస్ బానను చూపేటప్పుడు, మెడతో ఆపకుండా అడుగు వరకు చూపండి.