సోరియాసిస్‌లో దురద ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం. సోరియాసిస్ అంటే చర్మం మీద పొలుసులతో మచ్చలు లేచే జబ్బు. అది ఉన్నవాళ్ళని కదిపి చూడండి, పొలుసుల కంటే ముందు దురద గురించే చెప్తారు, అందులోనూ రాత్రి దురద గురించి. అయినా చాలాకాలం వైద్య పుస్తకాలు దీన్ని పెద్దగా దురద పెట్టని జబ్బనే రాశాయి. ఒక్కసారి రోగిని అడిగి ఉంటే తెలిసిపోయేది కదా!

దురద అనగానే మనం అలర్జీ మాత్ర వేసేసుకుంటాం. అది ఒంట్లో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, దద్దుర్లకి బాగా పనిచేస్తుంది. సోరియాసిస్ దురద మాత్రం ఎక్కువగా హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు, అందుకే మాత్ర వేసుకున్నా చాలామందికి గోకుడు ఆగదు. ఇక్కడ అసలు పేచీ నరాలతో.

ఈ నరాల సంగతి తెలియజెప్పే కేసు ఒకటుంది, నాకు భలే ఇష్టం. ఒకరికి మోకాలి మీద సోరియాసిస్ మచ్చ ఉంది, మోకాలికి ఆపరేషన్ అయింది, కోతలో చర్మానికి వెళ్ళే సన్నటి నరం తెగి అక్కడ స్పర్శ పోయింది. స్పర్శ పోయిన చోట మచ్చ కూడా పోయింది! మందు మార్చలేదు, ఏమీ లేదు. కొన్నాళ్ళకి నరం కోలుకుని స్పర్శ తిరిగొచ్చింది, దాంతోపాటే మచ్చా వచ్చేసింది. ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఒకటి కాదు, కొన్ని ఉన్నాయి.

ఎందుకలా అంటే, సోరియాసిస్ చర్మంలోని కణాలు నరాలని పెంచే ఒక ప్రోటీన్‌ని మామూలు కంటే ఎక్కువ తయారుచేస్తాయి. నరాల కొసలు చురుకెక్కి దురద పుట్టిస్తాయి, ఊరుకోకుండా సబ్‌స్టెన్స్ పీ లాంటి రసాయనాలు వదిలి వాపుని ఇంకా రెచ్చగొడతాయి. వాపు నరాలని, నరాలు వాపుని. వాపుని పెంచే ఐఎల్-17 అనే ప్రోటీన్‌ని ఆపే ఇంజెక్షన్లతో వాపు తగ్గినవాళ్ళకి దురద కూడా తగ్గడం మామూలే.

ఇక గోకడం. 1870ల్లోనే జర్మన్ డాక్టరు హైన్రిఖ్ కోబ్నర్ గమనించాడు, సోరియాసిస్ ఉన్న మనిషికి బాగున్న చర్మం మీద గాయమైతే ఆ గాయం గీత వెంబడే కొత్త మచ్చ లేస్తుందని. గోరు గీత కూడా గాయమే. కాబట్టి గోకొద్దు అని ఊరికే అంటే లాభం లేదు, దురద తట్టుకోలేనప్పుడు చెయ్యి ఊరుకోదు. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి, దురద లేచినప్పుడు చల్లటి తడిగుడ్డ కాసేపు అద్దండి. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి, ఆరిపోయాక రాస్తే అంత ఫలితం ఉండదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మచ్చ చూపించి వచ్చేయకుండా, రాత్రి ఎన్నిసార్లు లేచారో కూడా చెప్పండి.