వాకిట్లో కారు, లైన్లో శ్రోత

(నెల్లూరు నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం కార్ల గురించి మాట్లాడుకుందాం. ఇంటికి కారు కొనాలంటే మనకు పెళ్లి సంబంధం చూసినంత హడావుడి. బావమరిది ఒకటి చెప్తాడు, ఆఫీసులో ఇంకొకరు ఇంకోటి చెప్తారు, షోరూము నుంచి రోజుకు నాలుగు ఫోన్లు. ఆ టెన్షన్ కాస్త తగ్గిద్దామని నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా కార్లు విప్పి బిగిస్తున్న మెకానిక్ గారిని పిలిచాం. నమస్కారం సార్.

మెకానిక్: నమస్కారమండి. ముందే ఒక మాట. ఏ కంపెనీ మంచిదని మాత్రం అడగొద్దు. నా షెడ్డుకి అన్ని కంపెనీల కార్లూ వస్తాయి.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) సరే సార్. మొదటి కాల్ కావలి నుంచి. హలో, చెప్పండి.

శ్రోత (కావలి): హలో... హలో... నమస్తే సార్. నేను టీచర్ని సార్.

వ్యాఖ్యాత: మాస్టారూ, రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

శ్రోత (కావలి): ఆ, తగ్గించాను. సార్, మాకిది మొదటి కారు. తొమ్మిది లక్షల దాకా అనుకున్నాం. షోరూములో ఈ రోజే బుక్ చేస్తే పాతికవేలు తగ్గిస్తామంటున్నారు. రేపు ఉండదట.

మెకానిక్: ఇవాళ తేదీ ఎంత మాస్టారూ? నెలాఖరు కదా. ఆ టార్గెట్ వాళ్లది, మీది కాదు. నెలాఖరు ప్రతి నెలా వస్తుంది. అది పక్కన పెట్టి చెప్పండి, కారులో ఎక్కేదెవరు?

శ్రోత (కావలి): నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. స్కూలు పక్క ఊళ్లో, రానూ పోనూ పాతిక కిలోమీటర్లు.

మెకానిక్: అమ్మగారిని షోరూముకి తీసుకెళ్లారా?

శ్రోత (కావలి): లేదు సార్. ఆమెకి కార్ల గురించి ఏం తెలుసని...

మెకానిక్: ఆమె మోకాలికి తెలుసు. నా మొదటి కారు సీటు కిందికి ఉండేది. మా అమ్మ ముందు సీటు మీద కూలబడి, తర్వాత రెండు చేతులతో కుడికాలు పట్టుకుని లోపలికి పెట్టుకునేది. జొన్నవాడ కామాక్షమ్మ గుడికి పోయి వచ్చేసరికి ఆమెకి దర్శనం కంటే ఆ ఎక్కడం దిగడమే గుర్తుండేది. అలాగని మరీ ఎత్తు కారు తీసుకున్నా చిక్కే. ఒక కాలు పైకి వేసి, పైనున్న పట్టీ పట్టుకుని వేలాడాలి. నిలబడి ఉన్న మనిషి తుంటి ఎత్తుకి అటూ ఇటూగా సీటు ఉంటే, జరిగి కూర్చుంటే సరిపోతుంది. ఆమెను తీసుకెళ్లి, వెనక సీట్లో పది నిమిషాలు కూర్చోబెట్టండి. పిల్లలిద్దర్నీ కూడా పక్కన కూర్చోబెట్టండి. ముగ్గురికీ బెల్టు పెట్టి చూడండి, మధ్యలో వాళ్లకి ఎలా ఉంటుందో. ఎవరూ చూడనిది ఆ మధ్య సీటే.

శ్రోత (కావలి): డీజిల్ తీసుకుంటే మైలేజీ వస్తుందని మా తమ్ముడు...

మెకానిక్: రోజుకి పాతిక కిలోమీటర్లకి డీజిల్ వద్దు మాస్టారూ. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద వేడెక్కి కాసేపు ఏకధాటిగా పోవాలి. ఇల్లు, స్కూలు, మార్కెట్ అంటూ ఆపి ఆపి తిప్పితే ఫిల్టర్ పూడుకుపోయి లైటు వెలుగుతుంది. అప్పుడు నా దగ్గరికొస్తారు. పెట్రోలు చాలు మీకు.

వ్యాఖ్యాత: ధర సంగతి కూడా చెప్పండి సార్. ఆన్ రోడ్ అంటూ ఒక్క అంకె వేసి ఇస్తారు కదా.

మెకానిక్: ఆ ఒక్క అంకెను విడగొట్టి కాగితం మీద రాసిమ్మని అడగండి. బండి ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, సామాన్లు... ఏది ఎంతో విడివిడిగా. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పెట్రోలైతే ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. అది ధరలో కనపడాలి. హ్యాండ్లింగ్ అని ఏదైనా రాస్తే, అదేంటో చెప్పమనండి. చెప్పలేకపోతే కొట్టేయమనండి. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలని లేదు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానిది, తప్పదు, సొంత నష్టానికి ఏడాదిది కలుపుకుంటారు. బయట రెండు చోట్ల రేటు అడిగి వెళ్తే, మీరు బయట కొనకపోయినా షోరూము రేటు దిగుతుంది.

ఇంకోటి, మన జిల్లా వాళ్లం కాబట్టి చెప్తున్నా. ఇంజిన్‌కి విడిగా రక్షణ ఉంటుంది, అది కలుపుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగినప్పుడు చూశాం కదా. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొడితే నీళ్లు ఇంజిన్‌లోకి పోయి కడ్డీలు వంగుతాయి. మామూలు పాలసీ ఉంటే ఆ ఇంజిన్ ఖర్చు మీదే అంటారు. పాలసీ ఏదైనా, నీళ్లలో ఆగితే సెల్ఫ్ కొట్టకండి. దిగి తోయండి.

శ్రోత (కావలి): స్టార్లు చూడాలంటారా సార్? పిల్లలున్నారు కదా.

మెకానిక్: చూడండి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని బండిని గుద్దించి చూసే పరీక్ష పెట్టి, భద్రతకి స్టార్లు ఇస్తున్నారు. పెద్దలకి వేరే, పిల్లలకి వేరే. అయిదు స్టార్లు అనగానే సంబరపడకుండా పిల్లలవి ఎన్నో అడగండి. ఇక ఎన్ని స్టార్లున్నా, పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆ ఎయిర్‌బ్యాగే వాడికి దెబ్బ.

వ్యాఖ్యాత: అమ్మగారిని తీసుకెళ్లండి మాస్టారూ, ఉంటాం. తర్వాత పొదిలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (పొదిలి): (గొంతు తగ్గించి) అన్నా, నమస్తే. కొంచెం మెల్లగా మాట్లాడతాను. కారు మా వాకిట్లోనే ఉంది.

మెకానిక్: ఏ కారమ్మా?

శ్రోత (పొదిలి): చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్ అన్నా. 2019 మోడల్, నాలుగు లక్షల ఇరవై అంటున్నాడు. బ్రోకర్ లోపల మావారితో కాఫీ తాగుతున్నాడు. కారు తళతళా మెరుస్తా ఉంది. మార్కెట్ కంటే డెబ్బై వేలు తక్కువంట. నాకెందుకో అనుమానంగా ఉంది.

మెకానిక్: చెన్నై, తక్కువ ధర, తళతళ. మూడూ కలిసి వస్తే అనుమానపడాల్సిందే. 2023 డిసెంబరు తుపానుకి చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశారు కదా. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొడితే కంటికి కనపడదు. మీ చేతిలో తాళం ఉందా?

శ్రోత (పొదిలి): బండికే ఉంది అన్నా, తలుపు తీసే ఉంది.

మెకానిక్: అయితే మూడు పనులు చేయండి. వెనక సీటు బెల్టు చివరి దాకా లాగండి. మొత్తం బయటికి రావాలి. లోపల చుట్టుకుని ఉండే భాగం ఎవరూ కడగరు. రెండోది, ముందు సీటు కింద చెయ్యి పెట్టి బోల్టులు చూడండి, తుప్పు ఉందేమో. మూడోది, డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద గుంట చూడండి. సెంటు వాసన వస్తే, అది దేనికి కొట్టారో ఆలోచించండి. చూసొచ్చి మళ్లీ చెయ్యండమ్మా, మీ కాల్ ముందు తీసుకుంటాం.

శ్రోత (పొదిలి): సరే అన్నా.

వ్యాఖ్యాత: ఇది భలే ఉంది. ఈలోగా ముత్తుకూరు.

శ్రోత (ముత్తుకూరు): నమస్తే సార్. మాది రొయ్యల చెరువులు. ఏడు సీట్ల పెద్దబండి తీసుకుందామని. ఏటా తిరుమలకి అందరం కలిసి పోతాం.

మెకానిక్: ఏటా ఎన్ని సార్లు?

శ్రోత (ముత్తుకూరు): ఒకసారి.

మెకానిక్: మిగతా 364 రోజులు?

శ్రోత (ముత్తుకూరు): నేనూ మా ఆవిడా. చెరువు కట్ట మీదికి నేనొక్కణ్నే.

మెకానిక్: ఒక్క రోజు కోసం ఏడాదంతా రెండు ఖాళీ సీట్లని మోస్తారా? తిరుమలకి బండి మాట్లాడుకోండి, డ్రైవరూ వస్తాడు, ఘాట్ రోడ్డు తిప్పలూ ఉండవు. మీకు కావాల్సింది కట్ట మీద కింది భాగం నేలకి తగలని బండి. అప్పు ఎంత తీస్తున్నారు?

శ్రోత (ముత్తుకూరు): ఎనిమిది లక్షలు. ఏడేళ్లు పెడితే కిస్తీ తక్కువంట.

మెకానిక్: తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. ఏడేళ్లకి నెలకి 12,870 దాకా. అయిదేళ్లకైతే 16,600. కిస్తీ మూడు వేల ఏడొందలు తగ్గింది గానీ, మొత్తం వడ్డీ చూస్తే ఏడేళ్లకి దాదాపు 85 వేలు ఎక్కువ. పైగా మీ డబ్బు నెలనెలా రాదు. రొయ్యల పట్టుబడి అయినప్పుడు వస్తుంది, తెగులు తగిలితే అదీ రాదు. బ్యాంకుకి చెరువు సంగతి తెలీదు. అందుకని ఒక పట్టుబడి డబ్బులోంచి ఆరు కిస్తీలు విడిగా పక్కన పడేసి, ఆ తర్వాతే కారు తెచ్చుకోండి. అప్పు గడువుకి ముందే తీర్చేస్తే ఎంత కోత పెడతారో కూడా సంతకానికి ముందే అడగండి.

శ్రోత (ముత్తుకూరు): అయితే అయిదు సీట్లే అంటారు.

మెకానిక్: మీ ఆవిడ ఏమంటారు?

శ్రోత (ముత్తుకూరు): ఆమె మొదటి నుంచీ అదే అంటోంది సార్.

వ్యాఖ్యాత: (నవ్వు) ఒంగోలు నుంచి ఒక మెసేజ్. ఎలక్ట్రిక్ కారు తీసుకోవచ్చా అని.

మెకానిక్: సొంతింట్లో బండి నిలిపే చోట ప్లగ్గు పెట్టించుకోగలిగితే తీసుకోవచ్చు. అపార్ట్‌మెంటైతే ముందు అసోసియేషన్ వాళ్లతో కాగితం మీద ఒప్పించుకోండి, తర్వాత షోరూముకి పోండి. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, షరతులు చదవండి. ఇంట్లో చార్జింగ్ లేకుండా మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: నెల్లూరు వేదాయపాళెం నుంచి ఇంకో కాల్.

శ్రోత (వేదాయపాళెం): సార్, నాది కొనడం కాదు, అమ్మడం. రెండేళ్ల కింద పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకున్నా. ఇప్పుడు ఆ పాత బండి మీద గుంటూరు నుంచి చలాన్లు నా ఫోన్‌కి వస్తున్నాయి.

మెకానిక్: ఆర్సీ, అదే రిజిస్ట్రేషన్ కాగితం, ఇంకా మీ పేరు మీదే ఉందన్నమాట. పేరు మార్పుకి వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టిచ్చారా?

శ్రోత (వేదాయపాళెం): ఏంది సార్, పెట్టమన్న చోటల్లా పెట్టా.

మెకానిక్: అందరం అంతే. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. చలాను చిన్న సంగతి. ఆ బండి ఎవర్నైనా గుద్దితే, పరిహారానికి ముందు పట్టుకునేది ఆర్సీలో పేరున్న మనిషినే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బండి ఇచ్చిన రోజు కాగితం ఏదైనా ఉందా?

శ్రోత (వేదాయపాళెం): డెలివరీ రసీదు ఉంది.

మెకానిక్: బతికిపోయారు. దాని నకలు పెట్టి ఆర్టీవోకి అర్జీ ఇవ్వండి, ముద్ర వేయించుకోండి. ఎక్స్ఛేంజ్ తీసుకున్నవాళ్లకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాయండి. వినకపోతే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్. ఈ లోపల ప్రభుత్వం వాళ్ల ఎం-పరివాహన్ యాప్‌లో ఆ బండికి ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో చూడండి. అది లేకపోతే మాత్రం ఆగొద్దు, రేపే పోండి.

వ్యాఖ్యాత: సార్, పొదిలి లైన్ వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత (పొదిలి): అన్నా, బెల్టు లాగాను. మొదట బాగానే ఉంది. చివర జానెడు మిగిలిందనగా గట్టిగా లాగితే... గోధుమ రంగు గీత ఉంది అన్నా. అడ్డంగా. దాని కింద అంతా బూడిద రంగు, పైన నలుపు.

మెకానిక్: సీటు కింద?

శ్రోత (పొదిలి): బోల్టులు ఎర్రగా ఉన్నాయి. చెయ్యికి అంటింది. స్టెప్నీ కింద కొత్తగా పెయింట్ కొట్టారు, అది మాత్రం మెరుస్తా ఉంది.

మెకానిక్: ఒక్క గీత చూసి తేల్చేయలేం గానీ, మూడూ ఒకే మాట చెప్తున్నాయమ్మా. నీళ్లు తాగిన బండికి ఇంజిన్ కంటే వైర్లు ప్రమాదం. ఈ రోజు బాగానే నడుస్తుంది, ఆరు నెలలకి ఒక లైటు వెలగదు, ఇంకో నెలకి అద్దం దిగదు, ఏది ఎందుకో నాక్కూడా దొరకదు. పైగా చెన్నై బండి కదా, అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ డెబ్బై వేల లాభం అక్కడే చాలావరకు కరిగిపోతుంది. మీవారికి చెప్పారా?

శ్రోత (పొదిలి): పిలిచి చూపించాను. ఏం మాట్లాడలేదు. అన్నా... పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశారంట, కాఫీకి ముందే.

మెకానిక్: రసీదు?

శ్రోత (పొదిలి): లేదు.

మెకానిక్: బ్రోకర్ ఉన్నాడా?

శ్రోత (పొదిలి): ఉన్నాడు. రెండో కాఫీ అడిగాడు.

మెకానిక్: ఇవ్వండమ్మా. కాఫీ తాగుతుండగా ఆ బెల్టు బయటికి లాగి అలాగే వదిలేసి, మీవారిని డబ్బు అడగమనండి. కారు మీ వాకిట్లో ఉన్నంతసేపే అడగ్గలరు. బయటికి పోయాక ఫోన్ ఎత్తడు.

శ్రోత (పొదిలి): ఉండన్నా, లేస్తున్నాడు... ఏవండీ! ఏవండీ!

(లైన్ కట్ అయింది)

వ్యాఖ్యాత: హలో? అమ్మా? ...లైన్ పోయింది సార్.

మెకానిక్: పోనీయండి. ఆమెకి ఇప్పుడు ఫోన్ కంటే ముఖ్యమైన పని ఉంది.