గులాబీ చోటు మార్చే కిట్ కొనాలా? అసలు మొక్కను ఎప్పుడు కదిలించాలి? రాయగడ నుంచి రివ్యూ

నమస్తే అండి. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వినాయక చవితి వారంలో వచ్చిన మెసేజుల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "రథయాత్ర అప్పుడు గులాబీలు నాటాం, ఆ చోటు కుదరలేదు, ఇప్పుడు తీసి ఇంకో చోట పెట్టొచ్చా?" అని. గుణుపురం నుంచి అడిగారు, పర్లాకిమిడి నుంచి అడిగారు, ఇటు పార్వతీపురం వాళ్లూ అడిగారు. ప్రశ్నతో పాటు ఒక లింకు కూడా పంపుతున్నారు. మొక్కల చోటు మార్చడానికని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ అది. అది దగ్గరుంటే ఏ కాలంలోనైనా మొక్కను మార్చేయొచ్చట. సరే, తెప్పించాను. నా డబ్బే, ఎవరూ ఊరికే పంపలేదు. ఇలాంటివి పది పేర్లతో దొరుకుతున్నాయి, లోపల సరుకు అటూ ఇటూగా ఒకటే. అందుకే పేరు చెప్పడం లేదు.

డబ్బా విప్పుదాం. చేతిపార ఒకటి. రూటింగ్ పౌడర్ డబ్బీ. సీవీడ్ లిక్విడ్, అంటే సముద్రపు నాచు ద్రవం, బాటిల్ ఒకటి. రెండు ముళ్లున్న తేమ మీటర్. ఆకుపచ్చ షేడ్ నెట్ ముక్క. గ్లౌజులు.

చేతిపార కుండీలకు సరిపోతుంది. నేలలో ఉన్న మొక్కను దీంతో తీయాలంటే మట్టిని గీకుతూ కూర్చోవాలి, ఆ గీకుడుకి వేర్లన్నీ తెగుతాయి. ఇంట్లో గునపం, పలుగుపార ఉంటే చాలు. రూటింగ్ పౌడర్ సంగతి ఇంకా తమాషా. ఇందులో ఉండేది ఐబీఏ అనే హార్మోన్. వేరు లేని కొమ్మ ముక్కకి వేరు పుట్టించడానికి వాడేది. మీ మొక్కకి వేర్లు ఉన్నాయి కదండీ, మరి దీనికి ఇక్కడ పనేంటి? లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 'కటింగ్స్ కోసం' అని వాళ్లే రాశారు, చూడండి. సీవీడ్ పోస్తే నష్టం లేదు, పోయకపోయినా నష్టం లేదు.

మీటర్ ఒకసారి చూపిస్తాను. ఇదిగో, ఇప్పుడే తడిపిన పాదులో గుచ్చాను, 'తడి' అంటోంది. బాగుంది. అదే పాదులో జానెడు పక్కన గుచ్చితే 'పొడి' అంటోంది. ఈ చవక మీటర్లు కొలిచేది నీటిని కాదండీ, ఆ రెండు లోహపు ముళ్ల మధ్య మట్టిలో పుట్టే కరెంటుని. మట్టి ముల్లుకి సరిగ్గా అంటుకోకపోయినా, ఎరువుల ఉప్పు ఎక్కువున్నా లెక్క మారిపోతుంది. మన ఎర్రమట్టిలో రాళ్లు తగిలితే ఇక చెప్పక్కర్లేదు. చూపుడువేలు రెండు కణుపుల లోతు దించండి, అది చాలు.

షేడ్ నెట్ మాత్రం పనికొచ్చేదే. దాని గురించి తర్వాత చెబుతాను.

నా అసలు పేచీ డబ్బా మీద రాసిన 'ఏ కాలంలోనైనా' అన్న మాటతో. దానికి ముందు ఒక్క విషయం అడగాలి. మీ గులాబీకి నిజంగా చోటే సమస్యా? ఎందుకంటే వచ్చిన ఫొటోల్లో చాలా మొక్కలకి చోటు బాగానే ఉంది. మనకి మొక్కలు ఎక్కువగా కడియం వైపు నర్సరీల నుంచి వస్తాయి. వాటిలో ఎక్కువ అంటు మొక్కలే, అంటే కింద వేరు ఇంకో రకం గులాబీది, పైన కొమ్మ మనం కోరుకున్న రకానిది. మొదట్లో, నేలకి కాస్త పైన, కొమ్మ కొంచెం వంకర తిరిగి ఉబ్బినట్టు ఉంటుంది చూడండి, అదే అంటు కట్టిన చోటు. దగ్గరగా చూపిస్తున్నా. ఇక్కడ సన్నటి ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తోందా? నర్సరీలో చుట్టింది, ఇంకా తీయలేదు. కొమ్మ లావెక్కుతుంటే ఇది లోపలికి కోసుకుపోయి మొక్కకి ఉరేస్తోంది. బ్లేడు తీసుకుని, అంటుకి ఎదురు వైపున నిలువుగా ఒక్క గాటు పెడితే ఊడొస్తుంది. ఈ ఒక్క పనితో తేరుకునే మొక్కని కూడా పీకి ఇంకో చోట నాటి చంపుకుంటున్నాం.

రెండోది, అంటుకి కింద నుంచి వచ్చే పిలకలు. ఏపుగా, నిటారుగా పెరుగుతాయి, మొగ్గ మాత్రం వేయవు. మన రకానికి రెమ్మకి ఐదేసి ఆకులుంటే వీటికి తరచుగా ఏడు ఉంటాయి. ఆకుల లెక్క ప్రతిసారీ నిజం కాదు, ఎక్కడి నుంచి పుట్టిందో చూడటమే గ్యారంటీ. మట్టి కాస్త తీసి, పుట్టిన చోటి నుంచే లాగి తుంచేయాలి. పైపైన కత్తిరిస్తే మళ్లీ వస్తుంది.

ఇవేవీ కావు, చోటే బాగాలేదు అనుకుంటే, మొక్క నాటి ఎంత కాలమైందో చూసుకోవాలి.

నాటి రెండు వారాలు దాటలేదంటే ఆలోచన వద్దు, ఈ సాయంత్రమే మార్చేయండి. ఆ మొక్క ఇంకా మీ నేలలో కాపురం పెట్టలేదు, వేర్లన్నీ సంచిలో వచ్చిన మట్టిగడ్డలోనే ఉన్నాయి. ఇదిగో, మొన్న నాటిన మొక్కని తీస్తున్నాను. చుట్టూ పార దించి కింద నుంచి లేపాను. చూశారా, ఎర్ర బంకమట్టి గడ్డ ఇటుకలా వచ్చేసింది. చుట్టూ మా ఇంటి మట్టి రాలిపోయింది, ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. దీన్ని అలాగే తీసుకెళ్లి కొత్త గుంతలో దించితే మొక్కకి తెలియను కూడా తెలియదు. గడ్డ పగలగొట్టకండి, ఈ వానల్లో ఆ సాహసం వద్దు.

రథయాత్రకి నాటిన మొక్క సంగతి వేరు. రెండు నెలలైంది. అడుగున కాస్త మట్టి తవ్వి చూపిస్తాను. గడ్డ అంచుల్లోంచి తెల్లగా, దారప్పోగుల్లా కొత్త వేర్లు బయటికి వచ్చాయి. చివర్లు ఇంకా లేతగా ఉన్నాయి, గోరు తగిలితే తెగేలా. నీళ్లు తాగేది ఇవే. ఇప్పుడు తీస్తే ముందు పోయేవి కూడా ఇవే. పైన చూస్తే వానలకి ఏపుగా ఆకు వేసి ఉంది. కింద తాగే నోళ్లు తెగిపోయి, పైన ఆకులన్నీ నీళ్లడుగుతుంటే మొక్క ఏం చేస్తుంది? ఆకు రాలుస్తుంది, కొమ్మ ఎండగడుతుంది. నాటిన గులాబీకి కదిలించకూడని వయసంటూ ఉంటే అది ఇదే. ఆగండి.

ఒక్క మినహాయింపు ఉంది. మొక్క మొదట్లో నీళ్లు నిలుస్తుంటే ఆగొద్దు. వాన వెలిసిన మర్నాటికి కూడా పాదులో నీరు కనిపిస్తోందా, మట్టి తవ్వితే కుళ్లు వాసన వస్తోందా, అయితే ఇవాళే లేపండి. ఆ మొక్క ఎలాగూ ఉండదు, కదిలిస్తేనే ఆశ ఉంటుంది. కాకపోతే ఇంకో చోట నేలలో పెట్టకండి. అడుగున చిల్లులున్న కుండీలోనో పాత బకెట్లోనో పెట్టి చూరు కింద ఉంచండి. నేలలోకి తర్వాత దించుకోవచ్చు.

ఎప్పటిదాకా ఆగాలి? ఇంగ్లిష్ వీడియోలు చూసే వాళ్లు 'డార్మెంట్ పీరియడ్‌లో మార్చాలట కదా' అంటారు. మంచు పడే దేశాల్లో గులాబీ ఆకు రాల్చి నిద్రపోతుంది, అప్పుడు తీసినా దానికి తెలియదు. వాళ్లకి అది సరైన మాటే. మన రాయగడలో గులాబీకి ఆ నిద్ర లేదు. పైగా చలికాలమే దానికి పండగ, మంచి పువ్వు అప్పుడే. కాబట్టి మనం చూసుకోవాల్సింది ఎండ తగ్గి, వాన ఆగి, నేలలో ఇంకా వెచ్చదనం ఉన్న రోజులు. నా లెక్కలో నాగుల చవితి నుంచి మొదలు.

దసరాకే చేయొచ్చు కదా అంటారు. అక్టోబరు తొలి సగం మనకి ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను, అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర. 2014లో హుద్‌హుద్, మళ్లీ అక్టోబర్ 12నే, విశాఖలో. 2018లో తిత్లీ, అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. ఏటా వస్తుందని కాదు. కానీ అప్పుడే నాటిన మొక్కని ఈదురుగాలి అటూ ఇటూ ఊపితే మట్టిలో పట్టు దొరకబోయే వేరు తెగిపోతుంది. నిలదొక్కుకున్న మొక్క ఆ గాలిని తట్టుకుంటుంది. దీపావళి దాకా ఆగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కారణం ఇంకొకటి కూడా ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. కొత్త చోటు ఎంచుకోవడం. వానాకాలంలో చూసి ఎంచుకున్న చోటు చలికాలంలో మోసం చేస్తుంది. రాయగడ దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఇంటికి ఉత్తరం వైపు గోడ మొదట్లో కూడా ఎండ పడుతుంది. 'ఆహా, ఇక్కడ ఎండ బాగుంది' అని నాటేస్తాం. డిసెంబరు చివరికి సూర్యుడు బాగా దక్షిణానికి జరుగుతాడు. అప్పుడు పది అడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరానికి తొమ్మిది అడుగుల దాకా పడుతుంది. అంటే పువ్వు రావాల్సిన నెలల్లోనే మీ గులాబీ రోజంతా గోడ నీడలో కూర్చుంటుంది. గులాబీకి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. 'వానల్లో బాగా పెరిగింది, చలికాలంలో పువ్వు లేదు, ఏం మందు కొట్టాలి?' అని అడిగేవాళ్లలో కొందరిది ఇదే కథ. దానికి మందు లేదండీ.

అందుకని దీపావళి దాకా మొక్కని ముట్టుకోకుండా నీడని గమనించండి. కార్తీకం రాగానే పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి గోడ నీడ ఎక్కడిదాకా వస్తోందో ముగ్గుపిండితో గీత పెట్టండి. డిసెంబరులో ఇంకా కొంచెం ముందుకి వస్తుంది, ఆ మేర వదిలేసి గుంత తీయండి. ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

నాగుల చవితి నుంచి డిసెంబరంతా మంచి రోజులే. జనవరిలో కూడా చేయొచ్చు. శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, దాని తర్వాత మాత్రం వద్దు. ఎండ ముదిరేలోపు వేరు పట్టుకోదు. కోరాపుట్, సెమిలిగుడ వైపు వాళ్లకి ఇది కాస్త మారుతుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు, జనవరి రాత్రుల చలికి నేల చల్లబడి కొత్త వేరు నెమ్మదిస్తుంది. మీరు నవంబరులోనే కానిచ్చేయండి, లేదంటే ఫిబ్రవరి దాకా ఆగండి.

మార్చే రోజు పని గబగబా చెబుతాను. ముందు రోజు సాయంత్రం పాదు నిండా నీళ్లు పెట్టండి. కొత్త గుంత ముందే తీసి ఉంచండి, మొక్కని బయట పెట్టుకుని అప్పుడు గుంత తవ్వడం కాదు. పువ్వులు, మొగ్గలు తీసేసి కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. మొగ్గ తీయడానికి ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు, అయినా తీయండి. ఈ ఏడాది నాటిన మొక్కకి మొదలు దగ్గర నుంచి అడుగు దూరంలో చుట్టూ గునపంతో దించుకుంటూ రండి. తర్వాత తడి గోనెసంచిని గడ్డ కిందికి జార్చి, నాలుగు చెంగులు ఇద్దరు పట్టుకుని లేపండి. కొమ్మ పట్టుకుని లాగొద్దు. నా ఉద్దేశంలో కిట్‌లో ఉండాల్సింది ఈ గోనెసంచి, అదొక్కటీ లేదు.

కొత్త గుంతలో పాత లోతే ఉండాలి, అంటు నేలకి రెండు వేళ్ల పైన ఉండాలి. నిండా నీళ్లు పోసి మట్టిని కూర్చోబెట్టండి. కొత్త చిగురు వచ్చేదాకా యూరియా వద్దు, డీఏపీ వద్దు, పచ్చి పేడ అసలే వద్దు. షేడ్ నెట్ ఇక్కడ వాడండి. మొక్క మీద ముసుగేయకుండా, పడమటి వైపు రెండు కర్రలు పాతి తెరలా కట్టండి. మధ్యాహ్నపు ఎండ ఆగితే చాలు, పొద్దుటి ఎండ పడనివ్వండి. వారం పది రోజులు అలా ఉంచి తీసేయండి.

మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేస్తే టెన్షన్ పడొద్దు. తెల్లారాక కూడా వాలే ఉంటే అప్పుడు చూడాలి. ముందు వేలు పెట్టి తడి చూడండి, వాలింది కదా అని బకెట్ గుమ్మరించకండి. ఆకులు రాలినా కొమ్మ మీద గోరుతో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎర్రటి చిగుళ్లు బొటనవేలంత వచ్చాయంటే వేరు పట్టుకుంది, అప్పుడు కాస్త వర్మీ కంపోస్టు వేయొచ్చు.

కిట్‌కి మార్కులు అడుగుతారు కాబట్టి, ఐదుకి ఒకటి. ఆ ఒకటీ నెట్‌కి. నెట్ విడిగా మీటర్ల లెక్కన హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, 50 శాతం నీడది అడగండి.

మీ మొక్క గురించి అడగాలంటే ఫొటో పంపండి. పువ్వుది కాదు, మొదలుది. అంటు కట్టిన చోటు కనిపించాలి, పాదు కనిపించాలి, పక్కన గోడ ఉంటే అది ఏ దిక్కున ఉందో రాయండి. నాటిన నెల కూడా చెబితే, కదపాలో ఆగాలో అక్కడే కామెంట్‌లో చెప్పేస్తాను.